ప్రాత ట్రక్కునకు క్రొత్త యింజను



వ్యాకరణములో ఆగమము, ఆదేశము అని రెండు మాటలు కలవు. "మా", "అమ్మ" అను పదములు కలసినపుడు నడుమ యకారము వచ్చి "మాయమ్మ" యగును. ఈ యకారము ఎవ్వరిని కదలింపలేదు. ఉన్నవారి నడుమ చోటు చేసికొని కూర్చుండినది. ఇది ఆగమము. "వాడు పోయెను" అనునది "వాడు వోయెను" అయినపుడు, వకారము పకారమును వెడలగొట్టి దాని పీట నాక్రమించినది. ఇది ఆదేశము. ఆగమము చుట్టమువలె వచ్చుననియు, ఆదేశము పగవానివలె వచ్చుననియు పూర్వులు చెప్పుదురు.

బడిలో నలుబది యేండ్లు ఈ పాఠము చెప్పినవాడు నేడు మోటారుబండ్ల చరిత్ర చెప్పుటేల యని మీరడుగవచ్చును. అమెరికా దేశములో ఒక వాడుక కలదు. నలుబది, ఒక్కొక్కయెడ ఏబదియేండ్ల నాటి పికప్పు ట్రక్కులోనుండి కార్బురేటరుతో నడచు ప్రాత యింజనును పైకెత్తివేసి, ఆ చోట ఫ్యూయల్ ఇంజెక్షనుతో నడచు క్రొత్త యింజనును దించుదురు. చూచుటకు ఇది స్వచ్ఛమైన ఆదేశము: ఒకటి పోయినది, ఒకటి వచ్చినది. చేయబూనినవానికి గాని తెలియదు, ఆ యొక్క ఆదేశము తన వెంట పది ఆగమములను గొనివచ్చునని. ఆ పదియు ఏల వచ్చినవి, ఎక్కడనుండి వచ్చినవి యనుటయే నేటి ప్రసంగ విషయము.

పికప్పనగా మన యూళ్ళలో పాలకేనులను, కూరగాయల గంపలను మోసికొని పోవు చిన్నబండి వంటిది. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది. వెనుక కప్పులేని తొట్టి. అమెరికా రైతునకు మన రైతునకు ఎడ్లబండి యెట్టిదో యది యట్టిది. హెన్రీ ఫోర్డు కంపెనీవారు 1908లో మోడల్ టి యను కారును తెచ్చిరి. దానిని కొనిన రైతులు వెనుకభాగమును కోసివేసి, తామే చెక్కతొట్టి నమర్చుకొనుచుండిరి. ఇది చూచి 1925లో కంపెనీవారే తొట్టితోగూడిన బండిని 281 డాలర్లకు అమ్మిరి. కార్ఖానాలోనే తయారైన తొలి పికప్పు అదియే యని చెప్పుదురు. దాని యింజను బలము 20 గుఱ్ఱములది.

ఆ బండిలో పెట్రోలు పంపు లేదు. పెట్రోలు టాంకు ఆసనము క్రిందనుండెను. ఇంటిమీది తొట్టినుండి కుళాయికి నీరు దిగునట్లు, టాంకునుండి ఇంజనునకు పెట్రోలు తన బరువుచేతనే దిగెడిది. నిట్టనిలువు కొండదారి వచ్చినచో ఇంజనున్న ముందుభాగము టాంకుకంటె పైకి పోవును, పెట్రోలు పారదు. అప్పుడు తోలువాడు బండిని వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో కొండ నెక్కించెడివాడు! నవ్వు వచ్చునుగాని, ఇందులో మన కథకు మూలమున్నది. ఇంజనెంత గొప్పదైనను, దానికి తిండి యందించు దారి తిన్నగా లేనిది అది యడుగు వేయజాలదు.

ఇక కార్బురేటరు. 1893లో మేబాఖ్ అను జర్మను శిల్పి పెట్రోలును చిన్న రంధ్రమునుండి గాలిలోనికి చిమ్ము కార్బురేటరును చేసెను. దానికాధారమైన సూత్రమును వెంచూరి యను ఇటలీ దేశపు పండితుడు 1797లోనే ప్రకటించియుండెను. దోమలమందు కొట్టు చేతిపంపును మీరెఱుగుదురు. అడ్డముగా గాలి నూదినచో క్రింది డబ్బాలోని మందు సన్నని గొట్టముగుండ పైకి లేచి తుంపరయై చిమ్మును. కార్బురేటరును అంతే. ఇంజను గాలిని పీల్చును. ఆ గాలి ఇఱుకుత్రోవలో వడిగా పోవును. వడిగా పోవుచోట ఒత్తిడి తగ్గును. తగ్గినందున పెట్రోలు లేచి గాలిలో కలియును. తీగ లేదు, విద్యుత్తు లేదు. పీల్చినంత గాలికి తగినంత పెట్రోలు తనంత వచ్చును. ఇంత సులువైన యంత్రమును నేను మఱొకదానిని ఎఱుగను; నేటికిని దానిని చూచిన ముచ్చట గొలుపును.

కాని అది తెలిసి కొలుచునది కాదు. చలి యుదయమున పెట్రోలు ఆవిరి గాదు; అప్పుడు ఎక్కువ కావలెను. కొండమీద గాలి పలుచన. అప్పుడు తక్కువ కావలెను. కార్బురేటరునకు చలి తెలియదు, కొండ తెలియదు. చలికి చోకు మీట లాగవలెను, కొండకు జెట్టు మార్చవలెను. కొలత యంత్రమునందు లేదు. తోలువాని చెవిలోను, మెకానిక్కు వ్రేళ్ళలోను ఉండెను.

ఇంజను మార్చు వాడుకయు ఆ కాలమునుండియే కలదు. 1932లో ఫోర్డు కంపెనీవారు ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుల బండిలో పెట్టిరి. 65 గుఱ్ఱముల బలము. కాలిఫోర్నియాలోని పడుచువాండ్రు చవుకగా దొరకు ప్రాతకారు కొని, విఱిగిన మఱొక కారునుండి యీ యింజనును తెచ్చి దించి, ఎండిన ఉప్పుచెఱువుల నేలమీద పందెములాడెడివారు. 1937లో వారికొక సంఘము గూడ ఏర్పడెను. 1955లో షెవ్రొలే కంపెనీవారు 265 ఘనాంగుళముల క్రొత్త యింజనును తెచ్చిన తరువాత, ప్రాతబండికి ఇంజను మార్చుటయనిన ఆ షెవ్రొలే యింజనును పెట్టుటయే యన్నంతగా నది వ్యాపించెను. ఆ మార్పు నిజముగా ఆదేశమే. ఇనుము తీసి ఇనుము పెట్టుట. నాలుగు బోల్టులు, రెండు నీటిగొట్టములు, ఒక పెట్రోలు గొట్టము, అయిదాఱు తీగలు. ఆదివారము మొదలుపెట్టినవాడు మఱుసటి ఆదివారము బండి తోలెడివాడు.

పెట్రోలును గాలి యీడ్చుటకు విడిచిపెట్టక, ఒత్తిడితో తామే చిమ్మవలెనను నూహ మఱొక దారిని వచ్చినది. డీజిలు ఇంజను స్వభావముచేతనే అట్టిది. దానికి కార్బురేటరు పనికిరాదు. 1927లో జర్మనీలోని బాష్ కంపెనీవారు డీజిలు ఇంజన్లకు ఇంజెక్షను పంపులను వరుసగా తయారుచేయ మొదలుపెట్టిరి. మన ప్రాంతములలో పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు వేయించుకొనినవారు అనేకులు. అందు పంపును ఇంజనే త్రిప్పును. కొలత పళ్ళచక్రములలోనే యుండును. కావున పెట్రోలు జీపునకు డీజిలు వేసినను ఆ పని ఇనుపపనిగానే యుండెను.

పెట్రోలును చిమ్ముట యుద్ధమున అక్కఱకు వచ్చినది. 1940లో ఇంగ్లాండు గగనమున ఆంగ్లేయుల విమానములు, జర్మనుల విమానములు పోరాడుచుండగా ఒక వింత కనబడెను. ఆంగ్లేయుల మెర్లిన్ ఇంజనునకు కార్బురేటరు. జర్మనుల డైమ్లర్ బెంజ్ ఇంజనునకు ఇంజెక్షను. జర్మను వైమానికుడు ముక్కు క్రిందికి వంచి ఒక్కుమ్మడిగా దూకును. ఆంగ్లేయుడు వెంట దూకబోవగా, కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు పైకి లేచి, ఇంజను దగ్గి, ఒక్క క్షణము ఆగిపోవును. ఆ క్షణములో శత్రువు తప్పించుకొనును. లేదా వెంటబడినవాడయినచో ప్రాణమే తీయును. దీనికి చికిత్స కనిపెట్టినది బియాట్రిస్ షిల్లింగ్ అను స్త్రీ యింజనీరు. 1941లో నామె పెట్రోలు దారిలో అడ్డముగా నిలుపు చిన్న లోహపు బిళ్ళను, నడుమ లెక్కించిన రంధ్రముతో, చేయించి, విమానాశ్రయములకు తానే పోయి అమర్పించెను. రోగము పూర్తిగా పోలేదుగాని చావునుండి తప్పించినది. ఒక చిన్న బిళ్ళ ఎంతమంది తల్లులకు బిడ్డలను మిగిల్చినదో లెక్క వ్రాసినవారు లేరు.

యుద్ధానంతరము ఆ విద్య కార్లలోనికి దిగెను. 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. అను వేగపుకారు, 1957లో షెవ్రొలే వారి కార్వెట్టు ఇంజెక్షనుతో వచ్చినవి. ఇవి చక్రములతో, పొరలతో కొలుచు యంత్రములు. ధనవంతులకు, పందెగాండ్రకు మాత్రమే. కార్వెట్టులో నది 1965లో నిలిచిపోయెను. అదే కాలమున బెండిక్స్ అను అమెరికా కంపెనీవారు విద్యుత్తుతో కొలుచు ఇంజెక్షనును కనిపెట్టిరి. 1958లో క్రైస్లరు కంపెనీవారు దానిని ముప్పదియైదింటి ప్రాంతమున కార్లలో పెట్టిరి. అందలి విద్యుత్పరికరములు వేడికి, తేమకు నిలువలేకపోయినవి. తుదకు కంపెనీవారే చాలవఱకు కార్లలోనుండి ఇంజెక్షనును ఊడదీసి కార్బురేటర్లను పెట్టి యిచ్చిరి! నేడు కార్బురేటరును తీసి ఇంజెక్షనును పెట్టువారు ఈ ముచ్చటను జ్ఞాపకముంచుకొనుట మంచిది. బెండిక్సువారి హక్కులు పిదప బాష్ వారి చేతికి వచ్చినవి.

ఇంతవఱకు ఇంజెక్షను బలము కొఱకు, వేగము కొఱకు. అది సామాన్యుని బండికి రావలసిన యగత్యము ఏమియు లేకుండెను. అది వచ్చినది బలము కొఱకు కాదు, పొగ వలన.

1943 జూలైలో లాస్ ఏంజలిస్ నగరము నొకనాడు మబ్బువంటి పొగ కమ్మెను. కండ్లు మండినవి, గొంతులు పట్టినవి. అవి యుద్ధదినములు, జపాను వారు విషవాయువును వదలిరేమోయని జనులు భయపడిరి. కార్ఖానాలను మూసి చూచిరి, పొగ పోలేదు. 1950 ప్రాంతమున హాగెన్-స్మిట్ అను డచ్చి రసాయన పండితుడు దాని మర్మమును విప్పెను. అనాసపండు వాసన ఎందువలన కలుగునో పరిశోధించుచుండినవాడు ఆయన! కార్ల పొగగొట్టములనుండి వచ్చు కాలని పెట్రోలు ఆవిరియు, నత్రజని వాయువులును సూర్యరశ్మిలో కలసి యుడికి ఆ మబ్బును పుట్టించుచున్నవని ఆయన తేల్చెను. అనగా శత్రువు ఎక్కడనో లేడు; ప్రతి యింటి ముంగిట నిలిచియున్న బండిలో నున్నాడు. కార్ల కంపెనీలు చాలకాలము ఒప్పుకొనలేదు. ఒప్పుకొననివారిని నేను తప్పుపట్టుటకంటె, ఒప్పింపగలిగినవారిని మెచ్చుకొందును. 1967లో కాలిఫోర్నియాలో గాలిని కాచుటకు ప్రత్యేక మండలి ఏర్పడెను. హాగెన్-స్మిట్ దాని తొలి యధ్యక్షుడయ్యెను. అదే యేట బాష్ వారి విద్యుత్ ఇంజెక్షనుతో వోక్స్ వాగన్ కారు అమెరికా విపణికి వచ్చెను. అమెరికా పొగ నియమములకు లోబడుటకే యా ప్రయత్నము. 1970లో అమెరికా దేశమంతటికి చట్టము వచ్చినది. 1975 నాటికి కార్ల విషవాయువులు పదింట తొమ్మిది వంతులు తగ్గవలెనని అది శాసించెను. గడువు పిదప పొడిగింపబడెను.

1975 నుండి కార్ల పొగగొట్టములలో క్యాటలిటిక్ కన్వర్టరు అను శోధక పాత్ర అమర్పబడెను. దానిలో తేనెపట్టువంటి గూళ్ళు. వానిపై ప్లాటినము మొదలగు లోహముల పూత. ఆ గూళ్ళగుండ పోవుచు విషవాయువులు నిరపాయ వాయువులుగా మాఱును. పెట్రోలులో కలుపు సీసము ఆ పూతను చెఱచును. అందుచే సీసములేని పెట్రోలు రావలసివచ్చెను. తరువాత మూడు విషములను ఒక్కమాఱే శోధించు పాత్ర వచ్చినది. కాని ఆ పాత్రకొక నియమము. గాలి 14.7 పాళ్ళు, పెట్రోలు ఒక పాలు, తూకమున నుండవలెను. పెట్రోలు కొంచె మెక్కువైనను, తక్కువైనను శోధన చెడును. దోమలమందు పంపువంటి కార్బురేటరు ఈ తూకము నెట్లు పట్టగలదు?

దీని నర్థము చేసికొనుటకు మన చెఱువు తూమును తలచుకొనుడు. తూము దగ్గఱ నీటియెత్తు మాఱకున్నయెడల, ఎన్ని గడియలు తెఱచియుంచిన నన్ని గడియల నీరు పారును, కాలమే కొలత. నీరటివాడు ఒక్కొక్క పొలమునకు ఇన్ని గడియలని వంతు వేయును. ఇంజెక్షనును అంతే. పంపు పెట్రోలును మాఱని ఒత్తిడిలో నిలుపును. ఇంజెక్టరనునది చిన్న తూము. విద్యుత్తు పాఱగా తెఱచుకొనును, ఆగగా మూసికొనును. తెఱచియుండు కాలము సెకనులో వేయవ వంతులలో కొన్ని. నీరటివాడు కంప్యూటరు. ఎంత గాలి వచ్చినది, నీళ్ళు ఎంత వేడెక్కినవి, ఇంజను ఎంత వడిగా తిరుగుచున్నది, తోలువాడు ఎంత త్రొక్కినాడు అని నలుదెసలనుండి సెన్సార్లు వార్త తెచ్చుచుండగా, వాడు తూము తెఱచు కాలమును నిర్ణయించును. కడపట పొగగొట్టములో ఆక్సిజను సెన్సారు కూర్చుండును. అది పొలము చివరి మడవ దగ్గఱ నిలుచుండి, నీరు మిగిలి పొర్లినదా, చాలక ఎండినదా యని చూచి తూము దగ్గఱకు కేక వేయువానివంటిది. 1977 నాటి వోల్వో కార్లతో ఈ యేర్పాటు కాలిఫోర్నియాలో తొలుత నమ్మకమునకు వచ్చెను.

ఈ కథ దూరదేశపుదనుకొనవలదు. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున క్రొత్త పొగ నియమములు అమలులోనికి రాగా, మన యూళ్ళ వీథులలో తిరుగు క్రొత్త మోటారు సైకిళ్ళలో దాదాపన్నింటికి కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చినది. మీ మనుమడు క్రొత్తబండికి చోకు మీట లేదేమి యని ఎన్నడైన అడిగియుండినచో, దానికి బదులు లాస్ ఏంజలిస్ పొగలో నున్నది.

పికప్పు ట్రక్కులకు మాత్ర మీ నియమములు ఆలస్యముగా తగిలినవి. 1975లో బరువు 6000 పౌనులు దాటిన ట్రక్కులకు ఆ శోధక పాత్ర అవసరము లేకుండెను. అది చూచి ఫోర్డు కంపెనీవారు ఆ హద్దును కొంచెము దాటునట్లు ఎఫ్-150 యను ట్రక్కును తెచ్చిరి. చట్టమున్నచోట సందు వెదకుట సర్వదేశ సామాన్యము. ఆ సందును పిదప మూసివేసిరి. 1985లో ఎఫ్-150లో ఒక ఇంజనునకు ఇంజెక్షను వచ్చెను. 1987లో షెవ్రొలే ట్రక్కులకు వచ్చెను. 1988 నాటికి ఫోర్డువారి యీ తరగతి ట్రక్కులలో కార్బురేటరు పూర్తిగా పోయెను. 1999లో షెవ్రొలే వారు తమ ట్రక్కులలో 5.3 లీటర్ల క్రొత్తతరపు ఇంజనును పెట్టిరి. 270 గుఱ్ఱముల బలము. అది లక్షల బండ్లలో వచ్చినందున, బండి విఱిగినను ఇంజను చెడని ట్రక్కులు పాతసామానుల దొడ్లలో కుప్పలుగా చేఱినవి. 1932 నాటి పడుచువాండ్ర మనుమలు ఇప్పుడు ఆ దొడ్లకు పోవ మొదలుపెట్టిరి.

ఒక్క బండిని తీసికొందము: 1972 నాటి షెవ్రొలే సి-10 పికప్పు. తాత కొనినది కావచ్చును; దొడ్డిలో నిలిచియున్నది. యజమాని దానిలో 1999 నాటి 5.3 లీటర్ల ఇంజనును పెట్టదలచెను. రెండును ఒకే కంపెనీవి. రెండును ఎనిమిది సిలిండర్లవి. కావున ఇంజనును ఆనించు దిమ్మెలు మార్చి, నూనె పళ్ళెము క్రింది యడ్డదూలమునకు తగులకుండ చూచుకొనిన, ఇనుము ఇనుపచోట కూర్చుండును. ఆదేశము ముగిసినది. ఇక ఆగమములు.

మొదటిది పెట్రోలు. ప్రాత ట్రక్కు పంపు చదరపు అంగుళమునకు 5 నుండి 7 పౌనుల ఒత్తిడి నిచ్చెడిది. క్రొత్త యింజనునకు 58 పౌనులు కావలెను. కావున విద్యుత్ పంపు రావలెను. ఒత్తిడిని నిలుపు రెగ్యులేటరు రావలెను. మిగిలిన పెట్రోలు టాంకునకు తిరిగివచ్చుటకు మఱొక గొట్టము రావలెను. 7 పౌనులకు చాలిన రబ్బరు గొట్టములు 58కి పగులును గనుక అవియు మారవలెను. వేడి యింజను ప్రక్క పగిలిన పెట్రోలు గొట్టమేమి చేయునో చెప్పనక్కఱలేదు. ఇందు పొదుపు చూచుకొనువాడు బండిని కాదు, తన్ను పందెమొడ్డుచున్నాడు. మఱియు 1972 నాటి యీ ట్రక్కులో టాంకు తోలువాని గదిలోనే, ఆసనము వెనుక నుండును. దానిలో పంపు పెట్టిన, ఆ రొదయు వాసనయు వీపువెనుకనే. అందుచే పలువురు టాంకునే తొట్టి క్రిందికి మార్తురు. మలుపులో పెట్రోలు ఒక ప్రక్కకు ఒరిగినపుడు పంపునోరు ఎండకుండ టాంకులో అడ్డుపలకలుండవలెను. కార్బురేటరునకు గిన్నెలో కొంత నిలువ యుండెడిది గనుక క్షణకాలము పెట్రోలు రాకున్న నడచెడిది. ఇంజెక్షనునకు నిలువ లేదు, ఆ క్షణమే యాగును. కొండకు వెనుకనడకతో ఎక్కిన మోడల్ టిని ఇచ్చట తలచుకొనుడు; నూఱేండ్లు గడచినను చిక్కు అదియే.

రెండవది తీగలు. ప్రాత ట్రక్కులో ఇంజనునకు పోవు తీగలు చేతివ్రేళ్ళతో లెక్కింపవచ్చును. క్రొత్త యింజను తీగల కట్ట తాటిమట్ట నారవలె నుండును. ఆ యింజను మునుపున్న బండిలో తలుపుల గొళ్ళెములకు, దొంగల నివారణకు, గేరుబాక్సునకు గూడ ఆ తీగలే. దొంగల నివారణ యనిన గొప్ప తమాషా. తాళమునుండి రావలసిన సంకేతము రానిచో కంప్యూటరు పెట్రోలును ఆపివేయును. 1972 నాటి ట్రక్కునకు అట్టి తాళమెక్కడిది? తన యింజనును తానే దొంగిలించినవానివలె యజమాని నిలువవలసివచ్చును, ఆ నియమమును కంప్యూటరు లోపల తుడిపించువఱకు. ఇంజనునకు ఛాసిస్సునకు నడుమ భూమితీగ సరిగ లేనిచో సెన్సార్లు అబద్ధములు చెప్పును. పొగగొట్టము అతుకులో చిన్న చిల్లి యున్నను, అందుగుండ బయటి గాలి చొరబడి, ఆక్సిజను సెన్సారు పెట్రోలు చాలలేదని కేకవేయును; నీరటివాడు నమ్మి ఎక్కువ వదలును; ఇంజను నల్లపొగ క్రక్కును. పని చేయించినవాడు ఇంజెక్షను మంచిది కాదని తిట్టును. చెడినది ఇంజెక్షను కాదు, అతుకు.

ఇవన్నియు సరియైనపుడు ఫలము మాట నిజము. చలియుదయమున ఒక్క త్రిప్పునకు పలుకును. కొండమీదను, క్రిందను ఒకే తీరున నడచును. అదే పెట్రోలుతో సాధారణముగ మునుపటికంటె ఎక్కువ దూరము పోవును. పోయినదొకటి కలదు: దారిలో ఆగినపుడు, స్క్రూ ఆణి తీసి చెవితో విని తిప్పి బాగుచేసికొను స్వాతంత్ర్యము. కంప్యూటరును చదువు యంత్రము లేనిదే మెకానిక్కు చేయగలిగినది తక్కువ. ప్రాత మెకానిక్కుల బాధ నేనెఱుగుదును. తాళపత్రములు చదువగలవారికి అచ్చుపుస్తకములు వచ్చిన నాడు గూడ ఇట్లేయుండెనేమో.

ఇక తర్కశాస్త్రపు ప్రశ్న యొకటి. "వాడే యీ దేవదత్తుడు" అని మనము గుర్తుపట్టునపుడు, నాటి దేవదత్తునకు నేటివానికి ఏది సమానమని నైయాయికులు విచారింతురు. ఇంజను మాఱిన ట్రక్కు తాత ట్రక్కేనా? దీనికి చరిత్రలో రెండు సమాధానములున్నవి. మోడల్ టి కాలమున కారు సంఖ్య ఇంజను మీదనే చెక్కబడెడిది. ఇంజను సంఖ్యయే బండి సంఖ్య. అప్పటి లెక్కను బట్టి ఇంజను మాఱిన బండియే మాఱినది. తరువాత గుర్తు ఛాసిస్సునకు, బండి మేనికి పోయెను. 1981 నుండి అమెరికాలో ప్రతి బండికి 17 అక్షరముల గుర్తు నియతమయ్యెను. అప్పటినుండి ఇంజను మాఱినను బండి బండియే. మన దేశపు రిజిస్ట్రేషను పత్రములో రెండు సంఖ్యలును వ్రాసియుందురు, ఛాసిస్సుదియు, ఇంజనుదియు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారుచేసినవారు చెప్పిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చుటకు యజమానికి హక్కు లేదు. ఇంధన మార్పు వంటి కొన్నిటికి షరతులతో అనుమతి కలదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపినది. కావున అమెరికా వారిని చూచి మన ప్రాత జీపుకు చేయిపెట్టదలచినవారు మొదట రవాణా కార్యాలయమున అడుగవలెను, తరువాత మెకానిక్కును.

కాలిఫోర్నియాలో మఱియొక తీరు. అచ్చట ఇంజను మార్చవచ్చును; కాని క్రొత్త యింజను బండికంటె ప్రాతది కారాదు, మఱియు ఆ యింజను తన పూర్వపు బండిలో ఏయే శోధక పరికరములతో నుండెనో అవన్నియు దానివెంట రావలెను. రెఫరీ యను అధికారి పరీక్షించి చీటి యంటించును. బలమును తెచ్చుకొనువాడు దాని బాధ్యతను గూడ తెచ్చుకొనవలెనని యర్థము. ఇది న్యాయమైన నియమమని నా యభిప్రాయము. ఏలయన ఆ యింజనును కనిపెట్టించినదే ఆ నగరపు పొగ గదా.

అయితే 1975 వఱకు తయారైన పెట్రోలు బండ్లకు అచ్చట మామూలు పొగ పరీక్ష లేదు. మన 1972 నాటి సి-10 ఆ మినహాయింపు క్రిందికి వచ్చును. దాని పొగగొట్టములోనికి ఎవ్వరును తొంగిచూడరు. శోధక పాత్ర వెల యెక్కువ; అమర్చుటకు శ్రమ. కొందఱు దానిని విడిచి తిన్నని గొట్టమును వేసికొందురు, శబ్దము గంభీరముగ నుండునని. కొందఱు, అడుగువారు లేకున్నను, ఆ పాత్రను తెచ్చి ప్రాత ట్రక్కు క్రింద అతికించుదురు. అట్టి ట్రక్కు పొగగొట్టము దగ్గఱ నిలుచుండినవానికి, 1972లో తాత తోలినపుడు వచ్చిన కండ్లమంట రాదు.